విద్యా సంవత్సరం మధ్యలో ఇల్లు మారితే పిల్లల చదువు ఏమవుతోంది?

గణితప్రియ

నేను ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. పిల్లల చదువు గురించి ఎక్కడ మాట్లాడుకున్నా మాటలు పాఠ్యపుస్తకాల దగ్గరో, ట్యూషన్ల దగ్గరో, ఫోన్ల దగ్గరో ఆగిపోతున్నాయి. ఆ పిల్లవాడు రాత్రి ఎక్కడ పడుకుంటున్నాడు, వచ్చే నెల కూడా అక్కడే ఉంటాడా అని ఎవరూ అడగడం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఒక పాప సంగతి చెబుతాను. సంవత్సరం సగం గడిచాక మా తరగతిలో చేరింది. గుణకారాలు, భాగహారాలు నోటితో చేసేసేది. ఒకరోజు 1/2కు 1/3 కలపమంటే 2/5 అని రాసింది. పైఅంకెలను పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేసింది. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా అమ్మా?" అని అడిగాను. తలవంచుకుంది, జవాబు లేదు. పాత నోటుపుస్తకం తెప్పించి చూస్తే అది కారణాంకాల దగ్గర ఆగిపోయి ఉంది. పాత బడిలో ఆ తరువాతి పాఠమే భిన్నాలు. మా బడిలో ఆమె చేరేనాటికే భిన్నాలు అయిపోయాయి. రెండు బడులూ ఆ పాఠం చెప్పాయి, ఆ పాప మాత్రం రెండు చోట్లా వినలేదు.

లెక్కల్లో ఒక మెట్టు జారితే పైమెట్లన్నీ కదులుతాయి. భిన్నాలు రానిదే దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు రావు, ఆ పైన బీజగణితం అసలు అందదు. మూడేళ్ల తరువాత ఎవరో "ఈ అమ్మాయికి లెక్కలు రావు" అని తేల్చేస్తారు. అద్దె కట్టలేక ఇల్లు మారిన నెలలో ఆ లోటు పడిందని అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ఇంటి నిలకడను విద్యా విషయంగానే చూడాలని నా నమ్మకం. మీరు చూసినవి చెప్పండి. తల్లిదండ్రులు, ఇంటి యజమానులు, ఉపాధ్యాయులు అందరూ రాయాలని కోరిక.

అద్దెగూడు

గణితప్రియ గారూ, మీరు చెప్పినది బడి మారాక జరిగే నష్టం. మా ఇంట్లో అది అంతకుముందే మొదలైంది.

ఖాళీ చేయమని ఇంటివారు చెప్పిన రోజుకు ఇల్లూ మారలేదు, బడీ మారలేదు. అయినా మా అబ్బాయి చదువు ఆ రోజు నుంచే తగ్గింది. సాయంత్రాలు నేనూ మావారూ ఇళ్లు చూడడానికి వెళ్లేవాళ్లం. తిరిగి వచ్చాక అడ్వాన్సు ఎలా సర్దాలి, సామాను ఎలా తరలించాలి అని మాట్లాడుకునేవాళ్లం. వాడు పక్కగదిలో పుస్తకం ముందు పెట్టుకొని అవన్నీ వింటూ ఉండేవాడు. సైన్సు ప్రాజెక్టుకు జట్లు కడుతుంటే తన పేరు ఇవ్వలేదట. టీచరు పిలిచి అడిగితే "అప్పటికి నేను ఇక్కడ ఉంటానో లేదో తెలియదు మేడం" అన్నాడట. ఆవిడ నాతో చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

కొత్త ఇంటికి వెళ్లాక పుస్తకాల పెట్టె విప్పలేదు. రోజూ కావలసిన నాలుగు పుస్తకాలు పైనుంచి తీసుకొని, మిగతావి అట్టపెట్టెలోనే ఉంచాడు. అడిగితే "మళ్లీ సర్దాలి కదా" అన్నాడు. రెండేళ్ల ఒప్పందం కాగితం చేతికిచ్చి, తేదీలు చూపించాక, ఆ వారంలో ఎప్పుడో గోడ అరలో పుస్తకాలన్నీ వరుసగా పేర్చుకున్నాడు. ఒప్పందాలూ సంతకాలూ పెద్దవాళ్ల సంగతులని అనుకుంటాం కానీ, పిల్లల మనసు వాటి చుట్టూనే తిరుగుతుంటుంది.

రెండు వైపులా

ఇద్దరూ చెప్పినది కళ్లకు కట్టినట్టు ఉంది. నేను సామాజిక శాస్త్ర పరిశోధనలో పనిచేస్తాను కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. తరచుగా ఇళ్లు మారే కుటుంబాల్లో ఆదాయం తక్కువ, ఉద్యోగం పోవడం, విడాకులు, అనారోగ్యం లాంటివి కూడా ఎక్కువగా ఉంటాయి. పిల్లల మార్కులు తగ్గితే అది ఇల్లు మారినందువల్లనా, మారేలా చేసిన కష్టం వల్లనా అన్నది విడదీయడం తేలిక కాదు.

దీన్ని విడదీయడానికి ఉపయోగపడిన పెద్ద ప్రయోగం ఒకటి ఉంది. 1994 నుంచి 1998 వరకు అమెరికాలోని బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో సుమారు 4,600 పేద కుటుంబాలతో జరిగింది. పేరు 'మూవింగ్ టు ఆపర్చునిటీ'. ప్రభుత్వ గృహ సముదాయాల్లో ఉంటున్నవారిలో లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాల్లో అద్దెకుండేందుకు సాయం ఇచ్చారు. లాటరీ కాబట్టి సాయం అందినవారికీ అందనివారికీ మొదట్లో తేడా ఏమీ లేదు.

తొలి ఏళ్లలో పరీక్షల మార్కులు చూసి చాలామంది నిరాశపడ్డారు, చెప్పుకోదగ్గ మార్పు లేదు. తరువాత రాజ్ చెట్టీ, నథానియెల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ అనే ఆర్థికవేత్తలు ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో పన్ను రికార్డుల ద్వారా చూసి, 2016లో ప్రచురించారు. 13 ఏళ్లలోపు మంచి ప్రాంతానికి మారినవారు ఇరవైల మధ్యకు వచ్చేసరికి, సాయం అందనివారికంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. వారిలో కాలేజీకి వెళ్లినవారూ ఎక్కువే. 13 దాటాక మారిన పిల్లలకు మాత్రం లాభం లేదు, కొంత నష్టమే కనిపించింది. స్నేహాలు, బడి తెగిపోవడం వల్ల కలిగే దెబ్బ అందరికీ ఉంటుందనీ, చిన్న పిల్లలకు మంచి ప్రాంతంలో గడిపే ఏళ్లు ఎక్కువ కాబట్టి ఆ దెబ్బను మించిన లాభం వస్తుందనీ, పెద్ద పిల్లలకు అంత సమయం మిగలదనీ ఒక వివరణ.

కాబట్టి "కదలకపోవడమే మంచిది" అని సూత్రం పెట్టుకోలేం. చెడ్డ చోట నిలకడగా ఉండడం కూడా పిల్లల్ని దెబ్బతీస్తుంది.

గణితప్రియ

ఒప్పుకుంటాను. మెరుగైన చోటికి, చిన్న వయసులో, సిద్ధపడి వెళ్లడం వేరు. నా తరగతికి సంవత్సరం మధ్యలో వచ్చే పిల్లల్లో అలా వచ్చినవారు చాలా తక్కువ. వాళ్లు మంచి ప్రాంతానికి వెళ్లడం లేదు, అద్దె ఇంకొంచెం తక్కువ ఉన్నచోటికి వెళుతున్నారు. అక్కడా నిలవక మళ్లీ కదులుతున్నారు.

బాటసారి

నాన్నగారిది బదిలీల ఉద్యోగం. మా బాల్యమంతా ఊరు మారడమే. అయినా మేమందరం బాగానే చదువుకున్నాం. మరి మాకెందుకు నష్టం కాలేదు అని ఈ చర్చ చదువుతూ ఆలోచించాను.

బదిలీ ఉత్తర్వు వచ్చినా పరీక్షలయ్యేదాకా అమ్మా మేమూ పాత ఊళ్లోనే ఉండేవాళ్లం. నాన్నగారు ముందు వెళ్లి చేరేవారు. క్వార్టర్ సిద్ధమయ్యాక, బడిలో మాట్లాడి, సెలవుల్లో మమ్మల్ని తీసుకువెళ్లేవారు. జూనియర్ కళాశాల చదువు మొదలైన ఏడాది అక్కను అసలు కదిలించలేదు, అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఊరు మారేది కానీ జీతం మారేది కాదు, తలమీద కప్పు ఉంటుందా లేదా అన్న ప్రశ్న ఇంట్లో ఎప్పుడూ రాలేదు. అమ్మ ప్రతి ఇంట్లోనూ మొదటిరోజే మా చదువు బల్ల ఎక్కడ పెట్టాలో చూసేది, వంటగది ఆ తరువాతే.

అద్దెగూడు గారి అబ్బాయికీ మాకూ తేడా ఇదే అనిపిస్తోంది. మేం ఎక్కడికి వెళుతున్నామో, ఎప్పుడు వెళుతున్నామో మాకు తెలుసు. కొత్త బడిలో మొదటి నెల మధ్యాహ్నం విరామంలో ఒంటరిగా నిలబడిన బాధ మాకూ ఉంది. కానీ ఆ నెల గడిస్తే స్నేహితులు దొరుకుతారని, దొరికాక ఏడాది చివరిదాకా ఉంటారని తెలిసేది. బలవంతాన, ఉన్నట్టుండి కదిలే పిల్లలకు ఆ భరోసా ఉండదు.

కిటికీ పక్కన

పిల్లల ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. ఇల్లు మారడం, మారకపోవడం ఒక్కటే కాదు, ఉన్న ఇల్లు ఎలా ఉందన్నది కూడా చూడమని నా విన్నపం.

మొదట శబ్దం. 1973లో కోహెన్, గ్లాస్, సింగర్ అనే పరిశోధకులు న్యూయార్క్‌లో రహదారికి సరిగ్గా పైన కట్టిన 32 అంతస్తుల భవనాల్లో ఉంటున్న పిల్లలను పరీక్షించారు. కింది అంతస్తుల్లో వాహనాల రొద ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. ఆ ఇళ్లలో నాలుగేళ్లో అంతకంటే ఎక్కువో ఉన్న పిల్లల్లో, కింది అంతస్తులవారు దగ్గరదగ్గరగా వినిపించే మాటల మధ్య తేడా పట్టుకోవడంలో వెనకబడ్డారు, చదవడంలోనూ వెనకబడ్డారు. నిరంతర రొదలో పెరిగే బిడ్డ శబ్దాన్ని పట్టించుకోకుండా ఉండడం అలవాటు చేసుకుంటుంది. రొదతోపాటు మాటల్లోని సన్నని తేడాలను కూడా వదిలేస్తుంది. చదవడం నేర్చుకునే వయసులో ఆ తేడాలే ప్రాణం.

రెండోది ఇరుకు. ఫ్రాన్సులో గూ, మొరాఁ అనే ఆర్థికవేత్తలు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఇరుకు ఇళ్లలో పెరిగే పిల్లలు ఒక తరగతి వెనకబడే అవకాశం ఎక్కువని తేలింది. పేదరికం ప్రభావాన్ని విడదీయడానికి వారు ఒక తెలివైన దారి పట్టారు. తోబుట్టువులిద్దరూ ఆడపిల్లలే లేదా ఇద్దరూ మగపిల్లలే అయితే ఒకే గదిలో పెట్టే అవకాశం ఎక్కువ, అది కుటుంబ ఆదాయంతో సంబంధం లేని విషయం కదా. ఆ లెక్కతో చూసినా ఇరుకు ప్రభావం నిలిచింది. ఇరుకిళ్లలో తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడే భాష మరీ సాదాగా మారుతుందని, పిల్లల మాటలకు స్పందించడం కూడా తగ్గుతుందని గ్యారీ ఎవాన్స్ బృందం 1999లో రాసింది. దానికి నేను సాక్షిని. ఒకే గదిలో ఆరుగురు ఉంటే "కూర్చో", "అరవకు", "పడుకో" అన్నవి తప్ప వేరే మాటకు చోటుండదు. తల్లికి ప్రేమ లేక కాదు.

మూడోది నేల. మెక్సికోలోని కోవావీలా రాష్ట్రంలో 2000లో మట్టి నేలలున్న పేద ఇళ్లకు సిమెంటు నేల వేయించే పథకం మొదలుపెట్టారు. పేరు 'పీసో ఫీర్మే'. సిమెంటు నేలలు పరిచిన ఇళ్లలో చిన్నపిల్లలకు పురుగుల జబ్బులు, విరేచనాలు, రక్తహీనత బాగా తగ్గాయి, భాష, మేధోవికాస పరీక్షల్లో ఫలితాలు పెరిగాయి. పుస్తకం ఇవ్వలేదు, టీచరును పంపలేదు. నేల మార్చారు, అంతే.

చెమ్మ గోడల ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లవాడు రాత్రంతా దగ్గుతాడు. పొద్దున బడికి వెళ్లినా బెంచి మీద తల వాల్చేస్తాడు. హాజరు పట్టీలో 'వచ్చాడు' అనే ఉంటుంది.

చిన్నమ్మ

నేను రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా అక్క కుటుంబం ఇల్లు పోగొట్టుకుని మా ఇంట్లో ఉంటోంది. బయటివాళ్ల దృష్టిలో వాళ్లకు నీడ ఉన్నట్టే. పిల్లలిద్దరూ మంచివాళ్లు. కానీ వాళ్లు పడుకునేది హాల్లో. మావారు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి భోంచేసేదాకా అక్కడ దీపం ఆరదు. పొద్దున మా పిల్లలు బయలుదేరే హడావుడికి వాళ్లు అందరికంటే ముందు లేచి పక్కలు మడవాలి. పెద్దది హోంవర్క్ మేడమెట్ల మీద కూర్చుని రాసుకుంటుంది, అక్కడైతే ఎవరికీ అడ్డం కాదని. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా తాను ఎవరికో అడ్డమని ఆ పిల్లకు అనిపిస్తోంది. నేనేం చేయగలను?

కిటికీ పక్కన

చిన్నమ్మ గారూ, మీరు చేస్తున్నది చిన్న విషయం కాదు. వెంటనే చేయగలిగినది ఒకటుంది. ఇంట్లో ఏదో ఒక మూల, ఫలానా వేళ నుంచి ఫలానా వేళ వరకు ఆ పాపదే అని అందరి ముందూ చెప్పండి. మీ గది అయినా సరే, ఒక గంట అయినా సరే. మీ పిల్లలు కూడా ఆ వేళ అక్కడికి రాకూడదు. అడగకుండానే తనకు దక్కే చోటు ఒకటుందని తెలిస్తే మెట్ల మీది నుంచి తనే దిగి వస్తుంది. పడుకునే వేళ కూడా చూడండి. బడి వయసు పిల్లలకు రాత్రి తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి. హాల్లో అది కుదరకపోతే పిల్లలను గదిలో పడుకోబెట్టి పెద్దవాళ్లు హాల్లో సర్దుకోండి.

తొలి గంట

చిన్నమ్మ గారి మాటకు బడి వైపు నుంచి జవాబు చెబుతాను, ప్రధానోపాధ్యాయినిగా పనిచేశాను.

ముందు బడికి తెలియజేయండి. సిగ్గుపడే విషయం కాదు. అమెరికాలో 1987 నాటి మెకిన్నీ–వెంటో చట్టం ప్రకారం, ఇల్లు పోయి బంధువుల ఇళ్లలో తలదాచుకుంటున్న పిల్లలను కూడా ఇల్లు లేనివారిగానే లెక్కిస్తారు. వాళ్లు ఎక్కడికి మారినా పాత బడిలోనే కొనసాగే హక్కు ఉంది, అవసరమైతే రాకపోకల ఏర్పాటు ఆ ప్రాంతపు బడులను నడిపే 'బడి జిల్లా' సంస్థే చేయాలి. కాగితాలు లేవని చేర్చుకోవడం ఆపకూడదు. ప్రతి బడి జిల్లాలోనూ ఈ పిల్లల కోసం ఒక బాధ్యుడు ఉండాలి. ఆ చట్టం చేసినవారు సరైన చోట వేలు పెట్టారనిపిస్తుంది. ఇల్లు నిలబెట్టలేకపోయినా బడిని నిలబెట్టవచ్చు.

భారతదేశంలో 2009 విద్యా హక్కు చట్టంలోని 5వ సెక్షన్ బదిలీ ధ్రువపత్రం గురించి మాట్లాడుతుంది. పిల్లలు వేరే బడికి మారాలని అడిగితే ప్రధానోపాధ్యాయులు దాన్ని వెంటనే ఇవ్వాలి. అది రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కాగితం కోసం తిరుగుతూ పిల్లలను వారాల తరబడి ఇంట్లో కూర్చోబెడతారు. గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు, ఇల్లు మారిన దెబ్బకు ఈ ఖాళీ తోడవుతుంది.

బదిలీ ధ్రువపత్రంలో పుట్టిన తేదీ, తరగతి ఉంటాయి. పిల్లవాడు ఏ పాఠం దాకా వచ్చాడన్నది మాత్రం ఉండదు. గణితప్రియ గారి పాప విషయంలో జరిగింది అదే.

ఇంటి పెద్ద

నేను రెండు ఇళ్లు అద్దెకిస్తాను. ఇప్పటిదాకా ఎవరూ యజమాని మీద విరుచుకుపడలేదు, సంతోషం. మా వైపు సంగతి కూడా వినండి.

పదవీ విరమణ తరువాత మాకున్న ఆదాయం ఆ అద్దే. బాకీ పడిన కుటుంబాన్ని పిల్లల చదువు కోసం ఏడాదంతా ఉచితంగా ఉంచాలంటే ఆ భారం ఒక్క మనిషి మీద వేసినట్టే. అది ప్రభుత్వమో సమాజమో మోయవలసిన బరువు. ఇల్లు అమ్ముకోవలసి రావడం, పిల్లలు తిరిగి రావడం లాంటి అవసరాలు మాకూ వస్తాయి. అలా అని నెల రోజుల్లో ఖాళీ చేయమనడం న్యాయమని నేను అనను. ఒక కుటుంబం చాలాకాలం ఉంటే యజమానికి కూడా లాభమే. ఇల్లు ఖాళీగా పడి ఉండదు, ప్రతిసారీ రంగులు వేయించనక్కర్లేదు, ఎవరొస్తారో అన్న బెంగ ఉండదు. నిలకడ ఇద్దరికీ కావాలి, కానీ దానికో పద్ధతి ఉండాలి.

అద్దెగూడు

ఇంటి పెద్ద గారూ, మీలాంటివారితో మాకు పేచీ లేదు. అద్దె ఎప్పుడూ ఆపకుండా కట్టిన మాకు కూడా ముందు మాట లేకుండా ఖాళీ చేయమన్నారు. మేం అడిగింది పరీక్షలయ్యేదాకా గడువు మాత్రమే.

నిలకడ

అద్దె వివాదాలు చూసే న్యాయవాదిని. 'పద్ధతి ఉండాలి' అన్న మాట పట్టుకుంటాను.

పిల్లల హక్కుల మీద 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 27వ అధికరణంలో, పిల్లల ఎదుగుదలకు తగిన జీవన ప్రమాణం గురించి చెబుతూ, తల్లిదండ్రులకు చేతకానప్పుడు ప్రభుత్వం సాయపడవలసినవాటిలో గృహవసతిని పేరుపెట్టి చెప్పారు. ఆ వెంటనే 28వ అధికరణంలో విద్యా హక్కు ఉంది. 1991లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ 'తగిన ఇల్లు' అంటే ఏమిటో ఏడు అంశాలుగా వివరించింది. గోడలూ కప్పూ నీళ్లూ తరువాత వస్తాయి. మొదట పెట్టింది చట్టబద్ధంగా నిలిచి ఉండే భద్రతను. అది సొంతింటివారికి మాత్రమే కాదు, అద్దెదారులకు కూడా అని స్పష్టంగా చెప్పింది.

అది ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే జర్మనీని చూడండి. అక్కడ దాదాపు సగం కుటుంబాలు అద్దె ఇళ్లలోనే ఉంటాయి. మామూలు అద్దె ఒప్పందానికి చివరి తేదీ ఉండదు. యజమాని ఖాళీ చేయించాలంటే తగిన కారణం చూపాలి. తనకో తన కుటుంబానికో ఇల్లు అవసరం కావడం అలాంటి కారణమే. ముందస్తు గడువు మూడు నెలలు, అద్దెదారు ఐదేళ్లు దాటి ఉంటే ఆరు నెలలు, ఎనిమిదేళ్లు దాటితే తొమ్మిది నెలలు. అద్దె కట్టనివారి విషయంలో నిబంధన వేరు. అంటే ఎక్కువకాలం వేళ్లూనినవారికి ఎక్కువ సమయం. యజమాని హక్కు పోలేదు, పిల్లవాడి విద్యా సంవత్సరం కూడా పోదు.

బాటసారి

అయితే సొంతిల్లే పరిష్కారం అనేవారి మాట సరికాదన్నమాట. మా స్నేహితుల్లో కొందరు పిల్లల కోసమని తలకు మించిన అప్పు చేసి ఇల్లు కొన్నారు. ఇప్పుడు తల్లీతండ్రీ ఇద్దరూ రెండేసి పనులు చేస్తున్నారు, పిల్లలతో కూర్చునే మనిషి లేడు.

రెండు వైపులా

సొంతిల్లు అనే కన్నా 'ఇది మాది, ఎవరూ పొమ్మనరు' అన్న నమ్మకం అంటే బాగుంటుందేమో. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో 1981లో పేద కుటుంబాలు ఒక ఖాళీ స్థలాన్ని ఆక్రమించుకొని ఇళ్లు వేసుకున్నాయి. తీరా చూస్తే ఆ స్థలం చాలామంది సొంతదారులది. 1984లో చట్టం చేసి ప్రభుత్వం దాన్ని కొని పట్టాలు ఇవ్వడానికి పూనుకుంది. కొందరు సొంతదారులు పరిహారం తీసుకొని స్థలం అప్పగించారు, కొందరు కోర్టుకు వెళ్లారు. దాంతో పక్కపక్కనే ఉన్న ఒకే రకమైన కుటుంబాల్లో కొందరికి పట్టా వచ్చింది, కొందరికి ఏళ్ల తరబడి రాలేదు. గలియానీ, షార్‌గ్రోడ్‌స్కీ ఈ రెండు గుంపులనూ పోల్చి 2010లో రాశారు. పట్టా వచ్చినవారు ఇంటిని బాగుచేసుకున్నారు, వాళ్ల పిల్లలు ఎక్కువ చదివారు. ఆశ్చర్యం ఏమిటంటే, పట్టా వల్ల వాళ్లకు బ్యాంకు అప్పులు పెద్దగా దొరకలేదు, ఆదాయమూ పెరగలేదు. డబ్బు చేతిలోకి రాకపోయినా పిల్లల మీద పెట్టుబడి పెరిగింది.

అద్దెగూడు గారి అబ్బాయి ఒప్పందం కాగితం చూశాక పుస్తకాలు సర్దుకున్నాడని చదివినప్పుడు నాకు ఈ అధ్యయనమే గుర్తుకొచ్చింది. నేను సాధారణంగా ఒక్క ఇంటి ఉదాహరణను ఆధారంగా తీసుకోను. కానీ ఇక్కడ రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

గణితప్రియ

ఇవన్నీ చదివాక, చట్టాలు మారేదాకా ఆగకుండా ఉపాధ్యాయులం చేయగలిగినదాని గురించి మా బడిలో మాట్లాడాను. పిల్లలు వెళ్లిపోయేటప్పుడు ధ్రువపత్రంతోపాటు ఒక పేజీ రాసి ఇవ్వాలని అనుకున్నాం. ప్రతి సబ్జెక్టులో ఏ పాఠం దాకా అయింది, ఏది బాగా వచ్చు, ఎక్కడ తడబడతాడు, ఏ పుస్తకం చదువుతున్నాడు, కళ్లద్దాలు ఉన్నాయా, ఎవరి పక్కన కూర్చుంటే ధైర్యంగా ఉంటాడు అన్నవి. మార్కులు రాయం, అవి చూసి కొత్త బడిలో ముందే ముద్ర వేస్తారు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం పరీక్ష పెట్టకుండా, పాత నోటుపుస్తకాలు పక్కన పెట్టుకొని ఒక అరగంట మాట్లాడాలని కూడా నిర్ణయించాం. పాఠాల వరుసలో ఎక్కడ ఖాళీ ఉందో ఆ నోటుపుస్తకాలే చెబుతాయి.

తొలి గంట

మంచి పని. ఒక్కటి కలపండి. ఆ పేజీ కవరులో పెట్టి అతికించవద్దు, తల్లిదండ్రులకు చదివి వినిపించి ఇవ్వండి. ఇల్లు మారే హడావుడిలో కాగితాలు పోతాయి. తల్లికి విషయం తెలిస్తే కాగితం పోయినా నోటితో చెబుతుంది. అలాగే బస్సులో వచ్చిపోగలిగేంత దూరమైతే ఏడాది చివరిదాకా పాత బడిలోనే కొనసాగించమని ముందు అడగండి. చాలామంది ఇల్లు మారగానే బడి మార్చాల్సిందేనని అనుకుంటారు.

చిన్నమ్మ

కిటికీ పక్కన గారూ, మా పడకగదిలో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు పెద్దదానికి ఇచ్చాం. మొదటిరోజు తలుపు సగం తెరిచే ఉంచింది. ఇప్పుడు మూసుకుంటోంది. టీచరుకు కూడా మా పరిస్థితి చెప్పాను. ఇంట్లో ప్రింటు తీయాల్సిన పనులు ఇవ్వడం మానేశారు. అక్కకు ఇల్లు చూస్తున్నాం, ఈసారి బడికి నడిచి వెళ్లగలిగే దూరంలోనే.

ఇంటి పెద్ద

నిలకడ గారూ, ఒక ప్రశ్న. నా ఒప్పందాల్లో పిల్లలున్న కుటుంబాల కోసం ఒక షరతు చేర్చాలనుకుంటున్నాను. నాకు అన్యాయం జరగకుండా, వాళ్ల చదువు చెడకుండా ఎలా రాయాలి?

నిలకడ

ఇలా రాయండి: "బడికి వెళ్లే పిల్లలు ఈ ఇంట్లో నివసిస్తున్నంత కాలం, యజమాని తన అవసరం కోసం ఇల్లు ఖాళీ చేయించదలిస్తే కనీసం మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ గడువు విద్యా సంవత్సరం మధ్యలో ముగిసేటట్టయితే, వార్షిక పరీక్షలు పూర్తయిన తరువాత ముప్పై రోజుల వరకు పొడిగించబడుతుంది. పొడిగించిన కాలానికి పాత అద్దే వర్తిస్తుంది. అద్దె బాకీ పడినా, ఇంటికి నష్టం కలిగించినా ఈ పొడిగింపు వర్తించదు." ఇంటికి సంబంధించిన స్థానిక చట్టం ఇంతకంటే ఎక్కువ రక్షణ ఇస్తుంటే అదే చెల్లుతుంది కాబట్టి, సంతకాలకు ముందు మీ ఊరి న్యాయవాదికి ఒకసారి చూపించండి. బాకీ విషయంలో కూడా మొదటి నెలకే ఖాళీ చేయించకుండా, వాయిదాల్లో తీర్చుకునే అవకాశం ఇంకో వాక్యంలో రాసుకోవచ్చు. ఎన్ని వాయిదాలో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి.

ఇంటి పెద్ద

కింది వాటా ఒప్పందం వచ్చే నెల తిరగరాయాలి. వాళ్లకు ఇద్దరు పిల్లలు. ఇదే పెడతాను, వాయిదాలు మూడు.